ఈ ఎత్తుకు ఆ లెక్క సరిపోదు: వరంగల్ స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. మరుగుజ్జుతనం ఉన్నవారి తిండి, బరువు, ఆరోగ్యం ఈ వారం మన అంశం. హార్మోన్ల వైద్యురాలు, పోషకాహార నిపుణురాలు, హన్మకొండలో మీసేవ కేంద్రంలో పనిచేసే అతిథి మనతో ఉన్నారు. అన్నా, ముందు మీరే చెప్పండి.

అతిథి: నా ఎత్తు 128 సెంటీమీటర్లు. ఒక ఆరోగ్య శిబిరంలో బరువు 50 కిలోలని చూసి, స్థూలకాయమని కాగితం చేతిలో పెట్టారు. అన్నం సగం మానేయమన్నారు. మానేశాను. మధ్యాహ్నానికి కౌంటర్ దగ్గర కళ్ళు తిరిగేవి. నడుము నొప్పి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

డాక్టర్: అడగాల్సింది అదే. వాళ్ళు చూసింది బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క. ఈయనకు అది 30.5 వస్తుంది. ఈయనకున్నది అకాండ్రోప్లేసియా, మరుగుజ్జుతనంలో ఒక రకం. ఇందులో చేతులు, కాళ్ళు పొట్టిగా ఉన్నా మొండెం దాదాపు అందరిలాగే ఉంటుంది. అందుకే ఎత్తు తగ్గినంతగా బరువు తగ్గదు, బీఎంఐ ఉన్నదానికంటే ఎక్కువ కొవ్వు ఉన్నట్టు చూపిస్తుంది. ఈ పరిస్థితి ఉన్నవారి కోసమే తయారైన ఎత్తు, బరువు పట్టికలున్నాయి. వాటిలో చూడాలి. నడుము చుట్టుకొలత ఏటేటా ఎలా మారుతోందో గమనించాలి.

వ్యాఖ్యాత: అంటే బరువు గురించి దిగులు అక్కర్లేదా?

డాక్టర్: ఆ మాట నేను ఒప్పుకోను. వీరికి వెన్నుపాము వెళ్ళే దారి పుట్టుకతోనే ఇరుకు. బరువు పెరిగేకొద్దీ నడుము మీద, మోకాళ్ళ మీద భారం పెరుగుతుంది. కొంతదూరం నడవగానే కాళ్ళు తిమ్మిరెక్కి, వంగి కూర్చుంటే సర్దుకుంటున్నాయంటే వెంటనే వెన్నెముక పరీక్ష చేయించుకోవాలి. మూత్రం మీద పట్టు తప్పితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఇంకొకటి గురక. ముఖం మధ్యభాగపు ఎముకలు చిన్నవి కావడంతో శ్వాసదారి ఇరుకుగా ఉంటుంది. బరువు తోడైతే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది.

అతిథి: నాకు పొట్ట ఉంది కానీ షుగర్ లేదు. అందుకే ధైర్యంగా ఉన్నాను.

డాక్టర్: ఆ ధైర్యం సగమే నిజం. ఫ్రాన్స్‌లో జరిగిన ఒక అధ్యయనంలో అకాండ్రోప్లేసియా ఉన్నవారికి పొట్ట చుట్టూ కొవ్వు చేరినా రక్తంలో చక్కెర తక్కువ వైపే కనిపించింది. కానీ మీ వెన్నెముక షుగర్ రిపోర్టు చూసి ఊరుకోదు కదా! పైగా మరుగుజ్జుతనానికి కారణాలు వందల్లో ఉన్నాయి. గ్రోత్ హార్మోన్ లోపం వేరు, థైరాయిడ్ లోపం వేరు. అకాండ్రోప్లేసియాకు ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో మార్పు కారణమని 1994లో తేలింది. కారణం తెలియకుండా ఒకరి ఆహార పట్టిక ఇంకొకరికి ఇవ్వకూడదు.

వ్యాఖ్యాత: మేడమ్, మరి ఈయన ఎంత తినాలి?

పోషకాహార నిపుణురాలు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2110 కిలోకేలరీలు చాలు. ఈయన శరీరం అంతకంటే చిన్నది, కాబట్టి అంత అవసరం పడదు. కానీ కాల్షియం, ఇనుము, విటమిన్లు అదే లెక్కలో తగ్గించకూడదు. చిన్న పళ్ళెంలోనే అవన్నీ పట్టాలి. అందుకే అన్నం కొంత తగ్గించి పప్పు, తోటకూర, గుడ్డు, పెరుగు పెంచమంటాను. రాత్రికి రెండు జొన్న రొట్టెలు బాగుంటాయి. సంక్రాంతి సకినాలు మానమనను, డబ్బా పక్కన పెట్టుకుని కూర్చోవద్దంటాను. చిన్న శరీరానికి ఆ కాస్త నూనె తిండే ఎక్కువైపోతుంది.

అతిథి: పెళ్ళిలో తక్కువ తింటే మర్యాద తీశానంటారు. రెండోసారి మటన్ వడ్డించుకుంటే నలుగురూ చూసి నవ్వుతారు.

పోషకాహార నిపుణురాలు: ఆ నవ్వు చాలా అన్యాయం. దానికి భయపడి పస్తులుండి, ఇంటికొచ్చి ఒకేసారి తినేవాళ్ళను చూశాను. బరువు పెరగడానికి అదీ ఒక దారే.

వ్యాఖ్యాత: వ్యాయామం సంగతి?

డాక్టర్: భద్రకాళి చెరువు కట్ట మీద నడవండి, కానీ రోజుకు పది వేల అడుగుల లెక్క పెట్టుకోవద్దు. పొట్టి కాళ్ళకు అదే దూరానికి ఎక్కువ అడుగులు, ఎక్కువ శ్రమ. ఈత అన్నిటికన్నా మేలు, కీళ్ళ మీద భారం పడదు. ఎగిరి దూకే ఆటలు, మెడకు దెబ్బ తగిలే ఆటలు వద్దు.

వ్యాఖ్యాత: ఒక తల్లి ప్రశ్న పంపారు. అంగన్‌వాడీ పట్టికలో పాప ఎత్తు బాగా తక్కువ వచ్చిందట, ఇంకా తినిపించమన్నారట.

పోషకాహార నిపుణురాలు: అమ్మా, పాపకు అకాండ్రోప్లేసియా అని తేలిందా? తేలితే, ఆ పట్టికలో ఎత్తు తక్కువ రావడం తిండి లోపం వల్ల కాదు. ఎక్కువ పెడితే ఎత్తు పెరగదు, బరువే పెరుగుతుంది. తూకం మాత్రం మానవద్దు. డాక్టర్ దగ్గర పాపకు తగిన పట్టిక అడిగి తీసుకుని, అంగన్‌వాడీ టీచర్‌కు చూపించండి. రెండింటిలోనూ గుర్తు పెట్టమనండి.