టేపు హెడ్ నుంచి ప్రీయాంప్ దాకా: ఆ జానెడు తీగ

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఇంతమంది ఇంకా స్పూల్ టేపులూ క్యాసెట్లూ పారేయకుండా దాచుకుని, అవి సంచుల్లో పెట్టుకుని అమలాపురం దాకా వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మా నాన్నగారు మా ఊరి రామాలయం పందిట్లో హరికథ ఒకటి స్పూల్ మీద రికార్డు చేశారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. మెషీన్‌లో యాంప్ పోయింది, టేపు రాసుకుంటూ పోయేటప్పుడు శబ్దాన్ని చదివే హెడ్ మాత్రం బాగుంది, అందుకని బయట వేరే ప్రీయాంప్, అంటే హెడ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే పెట్టె, కట్టాను. ప్రీయాంప్ బల్ల మీద, మెషీన్ కింద, మధ్యలో కొట్లో కొన్న షీల్డ్ వైరు రెండు మీటర్లు. వింటే ఏముంది, దాసుగారు ‘శ్రీ’ అన్నప్పుడల్లా చెవిలో పొడిచినట్టుంది, చిడతలేమో తళుక్కుమనకుండా రేకు ముక్కలు కొట్టినట్టున్నాయి. టేపే పాడైపోయిందనుకుని వారం రోజులు మనసు మనసులో లేదు. చూస్తే టేపు నిక్షేపంగా ఉంది, తప్పంతా తీగది.

ఎందుకో చెబుతాను. హెడ్ అంటే లోపల సన్నటి తీగ చుట్ట, దానికి ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, ఉంటుంది. నా హెడ్‌ది 400 మిల్లీహెన్రీలు. షీల్డ్ వైరులో నడుమ ఒక తీగ, చుట్టూ రాగి జాలీ, రెంటి మధ్యా ప్లాస్టిక్, అంటే అది పొడుగాటి కెపాసిటరే, చార్జిని కాస్త దాచుకుంటుంది, ఆ దాచుకునే శక్తే కెపాసిటెన్స్. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఉయ్యాల తోసినట్టు ఊగుతాయి. అక్కడ శబ్దం ఉబ్బుతుంది, అది దాటాక గభాల్న పడిపోతుంది. నా వైరు కెపాసిటెన్స్ మీటరుకు 200 పికోఫారడ్లు, రెండు మీటర్లకు 400, ప్రీయాంప్ ఇన్‌పుట్‌ది ఇంకో 100. లెక్క కడితే ఆ ఉబ్బు సుమారు 11 కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చింది, ‘శ్రీ’లోని ఈల పై భాగం ఆ ఉబ్బులో పడుతుంది, చిడతల మెరుపు దానికి పైన ఉంటుంది. ప్రీయాంప్‌ను హెడ్ పక్కకే జరిపి, మీటరుకు 100 ఉన్న తీగ జానెడున్నర వేశాను. ఉబ్బు 22 కిలోహెర్ట్జ్‌కు పోయింది, అంటే మన చెవి దాటిపోయింది. చిడతలు మళ్ళీ చిడతల్లా మోగాయండి, ఆ రాత్రి మా అమ్మ కూర్చుని కథ మొత్తం వింది.

కాబట్టి ఏ తీగ కొనాలి అనే ముందు ఎంత పొడుగు అన్నది తేల్చుకోండి. జానెడైతే మేలు, మూరెడు దాటనివ్వకండి. వెండి పూత తీగ, ఫలానా రాగి అని వేలకు వేలు పెట్టనక్కర్లేదు, హెడ్ చుట్టకే వందల ఓమ్‌ల నిరోధం ఉంటే జానెడు తీగలో ఓమ్‌లో పదో వంతు తేడా ఎవరికి వినిపిస్తుంది? అడగాల్సింది మీటరుకు ఎన్ని పికోఫారడ్లు అని. ఆర్జీ-174 అనే రకం షీల్డ్ వైరు సన్నగా ఉంటుంది, మీటరుకు దాదాపు 100. ఆర్జీ-179 కూడా సన్నదే, టెఫ్లాన్‌ది, 64 దాకా. సోల్డరింగ్ చేసేటప్పుడు టెఫ్లాన్ కరగదు, పీవీసీ అయితే ఐరన్ తగలగానే ముడుచుకుపోతుంది. కానీ ఈ రెంటిలోనూ నడిమి తీగ చాలావరకు రాగి పూసిన ఉక్కు, కాస్త బిర్రుగా ఉంటుంది. హెడ్ పిన్నులు అగ్గిపుల్ల పాటి బలం కూడా ఉండవు, లాగితే ఊడిపోతాయి. అందుకని తీగను హెడ్ దగ్గరే ఒక క్లిప్పుతో పట్టి ఉంచండి.

ఇక హమ్, అంటే వెనకాల వినిపించే గుయ్యిమనే మోత. హెడ్ నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు, క్యాసెట్‌కైతే అర మిల్లీవోల్టు కూడా కష్టమే, పైగా ప్లేబ్యాక్‌లో బాస్‌ను బాగా పెంచుతాం, దాంతోపాటు కరెంటువారి 50 హెర్ట్జ్ కూడా పెరిగి గుయ్యిమంటుంది. చాలామంది జాలీ దట్టంగా ఉంటే హమ్ ఆగుతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, మోటారు నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని రాగి జాలీ ఆపలేదండి. దానికి లోపల రెండు తీగలు మెలిపెట్టి ఉన్న షీల్డ్ వైరు తీసుకుని, సిగ్నల్ ఒకదాంట్లో పంపి రెండోదాంట్లో వెనక్కి తెచ్చి, జాలీని ప్రీయాంప్ వైపు మాత్రమే గ్రౌండ్ చేయాలి, తీగను ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా నడపాలి. నాలుగు తీగల మైకు కేబుల్ హమ్‌ను ఇంకా బాగా ఆపుతుంది, అయితే కెపాసిటెన్స్ మీటరుకు 150 దాకా పోతుంది, జానెడుకైతే ఫర్లేదు.

మన దగ్గర ఉప్పుగాలి ఇంకో తలనొప్పి. అంతర్వేది వైపు నుంచి ఒకాయన తెచ్చిన మెషీన్‌లో వైరు పైకి కొత్తదానిలా ఉంది, బ్లేడుతో తొక్క తీస్తే జాలీ అంతా పచ్చటి చిలుము, ముట్టుకుంటే పొడిలా రాలింది. పాత వైరు తిరిగి వాడే ముందు రెండు కొసలూ అంగుళం ఒలిచి చూడండి.

కొలవడం తేలికే. కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్ ఉంటే చాలు, రోల్ నుంచి ఐదు మీటర్లు తీసుకుని, రెండో కొస దేనికీ తగలకుండా వదిలేసి, నడిమి తీగకూ జాలీకీ మధ్య కొలిచి ఐదుతో భాగించండి. ముక్క చిన్నదైతే మీటరు తప్పు చూపిస్తుంది. ఆ మీటరునే ఓమ్స్‌లో పెట్టి హెడ్‌ను మాత్రం చెక్ చేయకండి, దాంట్లోంచి వచ్చే డీసీకి హెడ్ అయస్కాంతం పట్టి, తర్వాత ఆడే ప్రతి టేపు మీదా బుస్సుమనే శబ్దం ఎక్కించి, పై స్వరాలు తినేస్తుంది. ఇప్పటికే చేసి ఉంటే టేపు పెట్టేలోపు ఆ అయస్కాంతాన్ని వదిలించే డీమ్యాగ్నెటైజర్ తిప్పండి.

మీరు తెచ్చిన వైరు ముక్కలు ఇలా ఇవ్వండి, ఒక్కొక్కటీ ఇక్కడే కొలుద్దాం.