జీడి మచ్చ

శ్రోతలందరికీ నమస్కారం.

నెల్లూరు చేపల పులుసు ఒకసారి తలుచుకోండి. చిక్కటి చింతపండు రసం, ఎర్రటి కారం, పచ్చిమామిడి ముక్కలు. ఈ మూడింట్లో మామిడి ఒక్కటే అచ్చంగా మన వైపు చెట్టు. మిరప అమెరికా ఖండాలది. 1498లో వాస్కోడగామా వచ్చాక, పోర్చుగీసు ఓడల్లో మనకు చేరింది. అంతకుముందు కారమంటే మిరియమే. కొత్త కాయ కూడా నోరు మండించేసరికి మనవాళ్లు మిరియం పేరునే కాస్త మార్చి మిరప అన్నారు. ఇక చింతకు పుట్టిల్లు ఆఫ్రికా. అరబ్బులేమో దాన్ని 'తమర్ హింది', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అందులోంచి వచ్చిందే.

నాకు మాత్రం వీటన్నిటికంటే జీడిమామిడి పేరంటే ముచ్చట. ఆ చెట్టుది బ్రెజిల్. దీన్నీ పోర్చుగీసువాళ్లే తెచ్చారు. అక్కడి తెగల మాట నుంచే కాజు, క్యాషూ పుట్టాయి. మనవాళ్లు ఆ మాట జోలికే పోలేదు. మన అడవుల్లో ముందునుంచీ నల్లజీడి ఉంది. దాని గింజ రసంతోనే రజకులు బట్టల అంచున గుర్తు పెట్టేవాళ్లు. మా అవ్వ పాత చీర కొంగు మూల అలాంటి నల్లటి చుక్కలు రెండుండేవి. ఎన్ని ఉతుకులైనా పోలేదు. నల్లజీడికి గింజ పండు లోపల ఉండదు, కింద బయటికి వేలాడుతుంది. కొత్తగా వచ్చిన చెట్టుకూ అంతే. చెట్టు, పూత చూస్తే మామిడి, గింజ చూస్తే జీడి. రెండూ కలిపి జీడిమామిడి అనేశారు. వృక్షశాస్త్రం కూడా ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది! పుస్తకం ముట్టని ఏ తోటమాలి కళ్లో, ఎంత చక్కగా పోల్చుకున్నాయో చూడండి.

మన సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో ఈ తోటలు కనిపిస్తాయి. పిల్లలు పండుకి ఉప్పద్దుకుని తింటారు, కాసేపు గొంతు గరగరలాడుతుంది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెం జీడిపప్పుకి పెట్టింది పేరు. పెంకులో ఉండే జిగురు చర్మానికి తగిలితే పొక్కుతుంది. అందుకే కాయలు కొట్టే ఆడవాళ్లు ముందు చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు. అయినా సాయంత్రానికి వేళ్లు నల్లబడతాయి. మా అవ్వ కొంగు మీది చుక్కల్లాగే, ఆ నలుపూ ఒకపట్టాన వదలదు.