మినిట్స్ పుస్తకం విప్పితే

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం వెళ్లినా, విజయనగరం వెళ్లినా, బొబ్బిలి, టెక్కలి లాంటి చోట్లయినా ఏదో ఒక వీధిలో రంగు వెలిసిన బోర్డు కనిపిస్తుంది. మహిళా మండలి అనో, కుటుంబ సలహా కేంద్రం అనో రాసి ఉంటుంది. ఆలుమగల తగువులు, అత్తింటివారు గెంటేసిన పిల్లలు, చంటిబిడ్డను చూసుకునే దిక్కులేని కూలి తల్లులు, అందరూ ఎక్కే గుమ్మం అదే. అలాంటి సంస్థకు యాభై ఏళ్లు నిండితే కార్యవర్గం సావనీరు వేస్తుంది. మంత్రిగారి సందేశం, కలెక్టరుగారి సందేశం, వ్యవస్థాపకుల ఫొటోలు, బట్టల కొట్ల ప్రకటనలు అన్నీ ఉంటాయి. చరిత్ర మాత్రం ఒకటిన్నర పేజీ. అదీ పాతికేళ్ల కిందటి సావనీరులోంచి ఎత్తిరాసిందే. ఆ ఒకటిన్నర పేజీని ఎలా సరిచేయాలో, అందుకు కావలసిన సరుకు ఎక్కడ దొరుకుతుందో ఈ పూట చూద్దాం.

మొదట వెతకవలసింది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. నంబరు పక్కన గీత గీసి సంవత్సరం వేస్తారు. సంస్థ ఆ ఏడే పుట్టిందని మాత్రం అనుకోకండి. నలుగురూ కూడి పని మొదలుపెట్టాక, గ్రాంటు కావాలంటే రిజిస్ట్రేషన్ అడుగుతున్నారని తెలిసి, అప్పుడు కాగితాలు పెట్టుకున్న సంఘాలే ఎక్కువ. ఆంధ్ర ప్రాంతంలో 2001 దాకా నడిచింది 1860 నాటి సొసైటీల చట్టం. 2001లో రాష్ట్రానికి సొంత చట్టం వచ్చింది. రెండింటిలోనూ కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడు సంతకాలే మీ మొదటి ఆధారం. వాటిలో నాలుగు ఒకే ఇంటిపేరువైతే, అది ఏ కుటుంబం చొరవతో పుట్టిందో చెప్పనక్కరలేదు.

ఆ కాగితం పోయిందనుకోండి. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి. చాలామంది తడబడేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది, అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లాయి. విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట విశాఖపట్నం నుంచి వెళ్లాయి. కాబట్టి 1975లో బొబ్బిలిలో రిజిస్టరైన సంఘం ఫైలుకు శ్రీకాకుళంలో, విజయనగరం పట్నంలో రిజిస్టరైన దాని ఫైలుకు విశాఖలో వాకబు చేయాలి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ మారింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. దరఖాస్తు రాసేటప్పుడు సంస్థ ఇవాళ ఏ జిల్లాలో ఉందో కాదు, పుట్టిన ఏడాది ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకుని రాయండి. లేకపోతే ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధమేమీ ఉండదు.

తేదీ లేని కాగితాలు కట్టలు కట్టలుగా బయటపడతాయి. చిరునామాయే వాటి వయసు చెబుతుంది. పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తరువాతిది. ‘తాలూకా’, ‘సమితి’ అన్న పాత పాలనా విభాగాల పేర్లు ఉంటే మండలాలు రాకముందుది, అంటే దాదాపు 1985కి ముందుది. రబ్బరు స్టాంపులో ఇంగ్లీషులో శ్రీకాకుళం పాతపేరు ‘చికాకోల్’ అని కనిపిస్తే ఇంకా వెనక్కి పోవాలి. అయితే పాత స్టాంపును, మిగిలిపోయిన లెటర్‌హెడ్డును పదేళ్లు వాడుకునే పొదుపు మనవాళ్లకుంది. అందుకని ‘ఇంతకు ముందుది కాదు’ అనడానికి ఈ గుర్తులు పనికొచ్చినంతగా ‘ఇంత తరువాతిది కాదు’ అనడానికి పనికిరావు.

ఇక మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే పుస్తకం. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్న మాట ప్రతి పేజీలోనూ ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఏడాది పొడుగునా పన్నెండు సమావేశాలూ ఒకే సిరాతో, ఒకే వాలుతో రాసి ఉంటే, ఆడిటరు వస్తున్నాడని ఒక్క రాత్రి కూర్చుని రాశారన్నమాట. తేదీలను పాత పంచాంగంతో పోల్చండి. కనుమ పండుగనాడు పదిహేనుమంది హాజరైన సమావేశం కనిపిస్తే నవ్వుకుని పక్కన పెట్టండి. అధ్యక్షులు, కార్యదర్శులు నిజంగా ఎప్పుడు మారారో తెలియాలంటే బ్యాంకు కాగితాలు చూడాలి. చెక్కు మీద సంతకం చేసేవాళ్లు మారినప్పుడల్లా తీర్మానం నకలు బ్యాంకుకు ఇవ్వాలి. మినిట్స్‌లో అధ్యక్షురాలు జనవరిలో మారినట్టు ఉండి, బ్యాంకు నకలు ఆగస్టు నాటిదైతే, మధ్య ఏడు నెలలూ ఏదో లడాయి నడిచిందన్నమాట. సావనీరులో రానిది అదే.

క్యాష్ పుస్తకంలో డబ్బు ఎటునుంచి వచ్చిందో చూస్తే, దేశంలో జరిగింది ఈ చిన్న డాబాలో కనిపిస్తుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి నడిపిన మనిషి కనుక, ఊళ్లలోని ఆడవాళ్ల సంఘం చేతికి కొంచెం డబ్బు అందితే ఏం చేయగలదో ఆమెకు తెలుసు. ఆ బోర్డు 1958లో మొదలుపెట్టిన కండెన్స్‌డ్ కోర్సుల పద్దు మన సంఘం పుస్తకంలో కనబడితే, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను ఇక్కడ పరీక్షకు కూర్చోబెట్టారని అర్థం. కుట్టు మిషన్లు, బాల్వాడీ అనే పసిపిల్లల బడికి సామాను, ఊయలలు కొన్న రసీదులూ ఆ బాపతువే. 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది. అంగన్‌వాడీ వచ్చిన ఊరిలో సంఘం బాల్వాడీ పిల్లలు తగ్గిపోవడం హాజరు పట్టీలోనే కనిపిస్తుంది.

1983 పెద్ద మలుపు. ఆ ఏడాదే బోర్డు కుటుంబ సలహా కేంద్రాల పథకం తెచ్చింది. ఆ డిసెంబరులోనే, భర్త, అత్తింటివాళ్లు పెట్టే బాధను నేరమన్న 498ఎ సెక్షను శిక్షాస్మృతిలోకి వచ్చింది. మరుసటి ఏడాది కుటుంబ న్యాయస్థానాల చట్టం. అప్పటిదాకా కుట్లు, అల్లికలు నేర్పే చోటుగా ఉన్న సంఘం, అక్కడినుంచి తగువులు విని సర్దిచెప్పే చోటైంది. అప్పటినుంచి కేసుల రిజిస్టరు మొదలవుతుంది.

నన్నడిగితే సంస్థ చరిత్ర అంతా ఈ రిజిస్టరులోనే ఉంది. పొడుగాటి లెడ్జరు, అడ్డంగా గళ్లు. వరుస నంబరు, తేదీ, వచ్చినవారి పేరు, ఊరు, ఎవరు పంపారు, ఇబ్బంది ఏమిటి, ఎదుటి పక్షానికి ఉత్తరం రాసిన తేదీ, హాజరు, నిర్ణయం, ఆ తరువాతి విచారణ. ముందుగా ‘ఎవరు పంపారు’ అన్న గడి ఒక్కటే పట్టుకుని ఏడాదివారీగా లెక్క వేయండి. మొదటి ఏళ్లలో పక్కింటివాళ్లు, టీచరమ్మ, నర్సమ్మ ఉండి, తరువాత తరువాత పోలీసు స్టేషను ఎక్కువవుతుంటే, సంస్థ ఊరి చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి జరిగిందన్నమాట. తరువాత నెలలవారీగా లెక్కించండి. మన తీరం మగవాళ్లు చెన్నైకి, గుజరాత్‌లోని వేరావలుకు వేటకో కూలికో పోతారు. ‘ఎదుటి పక్షం హాజరు కాలేదు’ అని మూడు వాయిదాలు వరసగా ఉంటే అది మొండితనమే కానక్కరలేదు, మనిషి ఊళ్లో లేకపోవచ్చు. పక్క గడిలో పండుగకు వస్తాడని రాసి ఉందేమో చూడండి.

‘నిర్ణయం’ గడి దగ్గర జాగ్రత్త. ‘రాజీ కుదిరినది, ఇంటికి పంపడమైనది’ అని ఉంటుంది. ఏ ఇంటికి? పుట్టింటికా, అత్తవారింటికా? రాజీలన్నీ కూడి ‘ఇన్ని కాపురాలు నిలబెట్టాం’ అని సావనీరులో వేస్తారు. అదే మనిషి పేరు ఆరు నెలల తరువాత కొత్త నంబరుతో మళ్లీ ఉందేమో వెతక్కుండా ఆ లెక్క వేయకూడదు. 2006 అక్టోబరు 26న గృహహింస చట్టం అమలులోకి వచ్చాక రిజిస్టరులో ప్రొటెక్షన్ ఆఫీసరు (ఆ చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి), డీఐఆర్ (జరిగిన హింస మీద రాసే నివేదిక) అన్న మాటలు చేరతాయి. 2015 నుంచి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయమంతా ఒకేచోట అందించే వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి, మనం సఖి కేంద్రాలంటున్నవి. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు పంచకూడదన్నారు. పెద్ద సంస్థ ద్వారా డబ్బు తెచ్చుకునే చిన్న సంఘాల పాస్‌బుక్కు అక్కడ ఆగిపోతుంది. 2022లో సాంఘిక సంక్షేమ బోర్డునే మూసేశారు. చివరి పేజీలు ఖాళీగా ఉంటే పనిచేసేవాళ్లకు శ్రద్ధ పోయిందని రాసేయకుండా, ఈ తేదీలతో పోల్చుకోండి.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు ‘ఏ సంవత్సరమమ్మా’ అంటే గుర్తుండదు. ‘వంశధార పొంగిన ఏడుకి ముందా, తరువాతా?’ అనండి, అది 1980. హుద్‌హుద్ తుఫాను 2014, తిత్లీ తుఫాను 2018, రెండూ అక్టోబరు నెలలోనే. ‘మా పెద్దగుంటడు కడుపులో ఉన్నప్పుడు’ అంటే ఆ అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్టు చూడండి. అందులో పుట్టిన తేదీ ఒక ఏడాది అటూ ఇటూగా వేయించి ఉంటారని మరవకండి. అధ్యక్షురాలిని ఒకసారి, సంస్థలో ఆయాగా పనిచేసిన ఆయమ్మను రెండుసార్లు అడగండి. గది తాళం ఎవరి దగ్గరుండేదో, రాత్రిపూట వచ్చిన మనిషికి అన్నం ఎవరు వండారో ఆయమ్మకే తెలుస్తుంది.

తిత్లీకో, డాబా కారడానికో తడిసిన రిజిస్టర్లు ఉంటే ఎండలో పెట్టొద్దు, కాగితం ముడుచుకుపోయి అంటుకుంటుంది. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, పదేసి పేజీలకు ఒక తెల్ల కాగితం దూర్చి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, అది పసుపెక్కి జిగురు అక్షరాలను తినేస్తుంది. లామినేషను అసలే వద్దు, ఆ ప్లాస్టిక్కు మళ్లీ ఊడిరాదు. బీరువా గోడకు జానెడు ఎడంగా, చెదలు పట్టకుండా ఇటుకల మీద ఉంచండి. ప్రతి పేజీ కిటికీ పక్కన ఫోనుతో ఫొటో తీసి, ముందు సంవత్సరం, తరువాత పుస్తకం పేరు, ఆపైన పేజీ నంబరు వేసి దాచండి. ఫ్లాష్ వేస్తే పెన్సిలు రాతలు ఫొటోలో కనిపించవు.

అచ్చు వేసే ముందు ఒక కత్తిరింపు ఉంది. కేసుల రిజిస్టరులోని పేరు ఒక్కటి కూడా బయటికి రాకూడదు. పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టమే నిషేధించింది. పేరు తీసేసినంత మాత్రాన చాలదు. మూడువందల గడపల ఊళ్లో, ఊరిపేరు, ఏడాది, ‘రైసుమిల్లు యజమాని కోడలు’ అన్న మూడు ముక్కలు కలిస్తే ఆమె ఎవరో సంతకొచ్చిన ప్రతి మనిషీ చెప్పేస్తాడు. ఆ మూడింటిలో ఒక్కటే ఉంచండి. అదైనా ఉంచాలా అన్నది, ఆమె బతికి ఉంటే ఆమెనే అడగండి. అడగడానికి ఇంటికి వెళ్లేటప్పుడు సంస్థ జీపులో మాత్రం వెళ్లకండి.

నమస్కారం.