రానీ... రానీ... ఆపు!

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే దారిలో లారీని వెనక్కి తీయడం చూసే ఉంటారు. క్లీనర్ వెనక నిలబడి "రానీ... రానీ..." అంటూ బాడీ మీద చరుస్తుంటాడు. గోడ దగ్గర పడగానే ఒక్క కేక, "ఆపు!" డ్రైవర్ బ్రేకు తొక్కేస్తాడు. ఎందుకని అడగడు.

ఓడకు బ్రేకు లేదు. ఇంజన్ వెనక్కి తిప్పినా లక్ష టన్నుల బరువు అంత తేలిగ్గా ఆగదు. పోనీ, బాగా మెల్లగా పోదామంటే ఇంకో చిక్కు. చుక్కానికి నీళ్లు జోరుగా తగులుతుంటేనే ఓడ తిరుగుతుంది, నెమ్మదిస్తే మాట వినదు. అందుకే టగ్గులనే చిన్న, బలమైన పడవలు పక్కన చేరి నెడతాయి, లాగుతాయి. ఒడ్డును తాకేటప్పుడు పెద్ద ఓడ వేగం సెకనుకు పది, పదిహేను సెంటీమీటర్లు. పాకే పసిబిడ్డే నయం. ఆ వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు.

పోర్టు దగ్గరికి రాగానే ఆ రేవు లోతులూ గాలులూ తెలిసిన పైలట్ తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. కెప్టెన్‌కు ఓడ తెలుసు, పైలట్‌కు ఆ నీళ్లు తెలుసు. ఇద్దరికీ పరిచయం మాత్రం కాసేపటిదే. 2007 నవంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర రేవు వదిలిన కాస్కో బుసాన్ ఓడ పొగమంచులో వంతెన స్తంభం అంచుకు గుద్దుకుంది. దాదాపు రెండు లక్షల లీటర్ల ఇంధనం నీళ్లలో కలిసింది. పైలట్ వాడే మందులు అతని ఆలోచనను మందగింపజేశాయని విచారణలో తేలింది. అంతే కాదు, వెళ్లే దారి గురించి ఆయనా కెప్టెనూ సరిగ్గా మాట్లాడుకోనే లేదు.

2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో జరిగింది ఇంకో రకం. రిపేరు ముగించుకుని ఖాళీగా వచ్చిన మిలానో బ్రిడ్జ్ ఓడ బాగా పైకి తేలి, దాని ప్రొపెల్లర్ కొంత నీళ్ల బయటికొచ్చింది. పైగా వేగం ఎక్కువ. మలుపు తిరగలేక రేవులోని క్రేన్‌ను కూల్చేసింది.

ఇక నా సంగతి. ఏ రేవో ఎందుకులెండి. ఓడ ముందు కొసన తాళ్లు వేసే పని నాది. పక్కనే ఓ కుర్ర ఆఫీసరు వాకీటాకీలో "సార్, అరవై మీటర్లు... యాభై..." అని చెబుతున్నాడు. "నాకు కనపడుతోందిలే!" అని పైనుంచి కెప్టెన్ విసుక్కున్నాడు. అంతే, కుర్రాడు నోరు మూసుకున్నాడు. గోడ మీదికొస్తోందని నేనూ చూస్తున్నాను. ఆఫీసరే ఊరుకుంటే మధ్యలో నాకెందుకనుకున్నాను. ముప్పై, ఇరవై ఎవరూ చెప్పలేదు. ఓడ తాకిడిని తట్టుకునేందుకు గోడకు కట్టిన రబ్బరు ఫెండరు చీలిపోయింది, గోడ పెచ్చులూడింది.

రిపోర్టులో కారణం "గాలి" అని రాశారు. ఆ రాత్రి మా ఓడ మీద జెండా గుడ్డ కూడా కదల్లేదు.