ప్లేటు ఎక్కక ముందే తప్పు పట్టే సాఫ్ట్‌వేర్

శ్రోతలకు నమస్కారం.

మన వంటింట్లోని పచ్చడి సీసా లేబులైనా, మందుల అట్టపెట్టె అయినా డిజైనర్ కంప్యూటర్ నుంచి నేరుగా మెషిను మీదికి వెళ్లదు. మధ్యలో ప్రీప్రెస్ అనే దశ ఉంది. ఫైల్లో తప్పులు వెతకడం, రంగులు విడదీయడం, షీటు మీద పేజీలు సర్దడం, ముందుగా చూసుకునే నమూనా ప్రతి అయిన ప్రూఫ్ తీయడం, చివరికి అచ్చు వేసే ప్లేటు చేయడం అక్కడి పని. ఆ పనికి సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

విజయవాడలోనైనా, హైదరాబాద్‌లోనైనా ప్రెస్సు యజమాని ముందు అడిగేది ధర. నేనైతే ముందు ఇంకో ప్రశ్న వేయమంటాను: మీరు చూపించే ప్రూఫూ, మెషిను కెక్కే ప్లేటూ ఒకే రిప్ నుంచి వస్తున్నాయా? ఫైలును ఇంకు చుక్కలుగా మార్చేదే రిప్. ప్రూఫుకు ఒకటి, ప్లేటుకు ఇంకొకటి వాడితే, ఒకే ఫైలును రెండూ రెండు రకాలుగా చదివే ప్రమాదం ఉంది.

ఒక కారప్పొడి డబ్బా సంగతి చూడండి. తెల్ల అట్ట మీద ఎరుపు రంగు పరిచి, దానిమీద నికర బరువు, ధర నల్ల అక్షరాల్లో ఉన్నాయి. నలుపు కాబట్టి వాటికి ఓవర్‌ప్రింట్ పెట్టారు, అంటే కింది ఎరుపు మీదే నల్ల ఇంకు పడుతుంది. తర్వాత ఎవరో ఆ అక్షరాలను తెలుపు చేశారు, ఓవర్‌ప్రింట్ మాత్రం తీయలేదు. ఆఫ్‌సెట్ ముద్రణలో తెల్ల అట్ట మీద తెలుపంటే ఇంకు కాదు, ఎరుపు పడకుండా వదిలిన ఖాళీ. ఓవర్‌ప్రింట్ ఉంటే ఆ ఖాళీయే రాదు. ఆఫీసు ప్రింటర్‌లో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, ప్లేటు మీద మాయమవుతాయి. ప్యాకెట్ మీద నికర బరువు, ఎమ్మార్పీ ఉండి తీరాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. అంటే అచ్చయిన అట్టంతా వృథా. పిట్‌స్టాప్ లాంటి ప్రీఫ్లైట్ సాఫ్ట్‌వేర్, అంటే ఫైల్లో తప్పులు వెతికేది, ఈ తప్పును క్షణాల్లో పట్టేస్తుంది.

తెలుగుకు మరో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫైళ్లలో ‘అను’ అనే యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు వాడినచోట, ఫాంటును పీడీఎఫ్‌లో పొందుపరచకపోతే అక్షరాలు గజిబిజి అవుతాయి. యూనికోడ్‌లో టైపు చేసినా, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు తగిన కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ‘ఉత్పత్తి’ కాస్తా ‘ఉత్‌పత్‌తి’గా విడిపోవచ్చు. ఫాంటు ఫైల్లో ఉందా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ చెబుతుంది. వత్తు సరిగ్గా పడిందా లేదా అన్నది తెలుగు చదవగలిగిన మనిషే చెప్పాలి. అందుకే ప్రూఫ్ మీద సంతకం చేసేది అలాంటి మనిషే కావాలి.

పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు వేసే ప్రెస్సుకు ప్రీఫ్లైట్, పేజీల అమరిక, నమ్మకమైన రిప్ చాలు. ప్యాకేజింగ్ అలా కాదు. కత్తిరింపు, మడత గీతలైన డై లైన్, బార్‌కోడ్, మామూలు 4 అచ్చు రంగుల కలయికతో రాని, విడిగా వేసే స్పాట్ కలర్, రంగుల మధ్య తెల్ల సందు కనపడకుండా చేసే ట్రాపింగ్, అన్నీ చూసుకోవాలి. మెత్తటి ప్లేటుతో అచ్చు వేసే ఫ్లెక్సో పద్ధతిలో ఇంకొకటి: చదునుగా చేసిన మెత్తటి ప్లేటును సిలిండర్‌కు చుట్టగానే బొమ్మ సాగుతుంది. అది ఎంత సాగుతుందో ముందే లెక్కేసి, ఆ దిశలో బొమ్మను కుదించే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ఎస్కో వంటి సంస్థలవి ఇందుకోసమే తయారయ్యాయి, కానీ కరపత్రాల ప్రెస్సుకు ఆ ఖర్చు అనవసరం.

రంగు సంగతికొస్తే, సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన ప్రూఫు రంగూ, అచ్చు రంగూ ఒకటి కావు. మీ మెషిను మీద, మీరు వాడే అట్ట మీద పరీక్ష షీటు వేసి, కొలిచి, ఆ మెషిను రంగులు ఎలా వేస్తుందో చెప్పే ప్రొఫైల్ అనే ఫైలు చేయించాలి. ప్రూఫ్‌ను అందుకోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12647-7 ప్రకారం తీయించి, మామూలు ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుగును పోలిన 5000 కెల్విన్ వెలుగులో చూడాలి.

డెమోకి వచ్చినవాళ్లు తమ అందమైన నమూనా ఫైలు తెస్తారు. అది పక్కన పెట్టించి, మిమ్మల్ని బాగా టెన్షన్ పెట్టిన మీ పాత ఫైలు ఇవ్వండి. ప్రూఫుతో ఆగకుండా ప్లేటు కూడా తీయించి, భూతద్దం పెట్టి రెంటినీ పోల్చి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.