జేజి ఫోటోలో ఎర్రకళ్లు: జింప్‌లో సరిచేసుకుందాం

అందరికీ నమస్తే. ఈరోజు ఒక్క ఫోటోనే ముందు పెట్టుకుని కూర్చుందాం.

(తెర మీద: స్కాన్ చేసిన పాత ఫోటో)

ఇది ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం నాడు రీలు కెమెరాతో తీసింది. అక్కడ కల్యాణం రాత్రిపూట, పున్నమి వెన్నెల్లో జరుగుతుంది కదా, మేము కడప నుంచి సాయంత్రమే పోయి చోటు పట్టుకునేవాళ్లం. జేజి ఒళ్లో ఉన్నది మా తమ్ముడు, వాడికప్పుడు మూడేళ్లు. ఆమె పోయాక వెతికితే వాణ్ని ఎత్తుకున్న ఫోటో ఇదొక్కటే దొరికింది, అందులో చూస్తే వాడి కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి. ఫ్రేము కట్టించమని ఒక స్టూడియోలో ఇస్తే రెండు కళ్లలో రెండు నల్లచుక్కలు పెట్టి చేతికిచ్చారు. ఎరుపు పోయింది, కానీ చూపు కూడా పోయింది. అమ్మ దాన్ని ఒకసారి చూసి బీరువాలో పెట్టేసింది. నేను ఈ పని నేర్చుకున్నది అందుకే.

ఈ ఎరుపు ఎక్కణ్నుంచి వస్తుందో ముందు చూద్దాం. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది. ఫ్లాష్ వెలిగినప్పుడు అది ముడుచుకునేంత టైం ఉండదు, వెలుగు నేరుగా లోపలికి పోయి కంటి వెనక గోడకు తగులుతుంది. అక్కడంతా రక్తనాళాలే, అందుకే వెలుగు ఎర్రగా వెనక్కొస్తుంది. చిన్న కెమెరాల్లో ఫ్లాషు లెన్సుకు రెండు వేళ్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు తిన్నగా లెన్సులోకే దూరుతుంది. అదే ఫ్లాషును పైకప్పు వైపు తిప్పినా, చేత్తో పక్కకు పట్టుకున్నా ఈ సమస్య రాదు.

(తెర మీద: జేజి కళ్లు, తమ్ముడి కళ్లు పక్కపక్కన)

ఒకే ఫ్లాషు, ఒకే క్షణం, అయినా జేజి కళ్లలో ఎరుపు కొంచెమే. వయసు మీద పడేకొద్దీ కంటిపాప అంతగా విచ్చుకోదు, పిల్లలకైతే పెద్దగా తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక మాట, దయచేసి దాటేయకండి. చిన్నపిల్లల ఫోటోల్లో ఒక కన్ను ఎర్రగా ఉండి రెండోది తెల్లగా మెరుస్తుంటే, అది ఒక్క ఫోటోలో కనిపించినా సరే, దాన్ని ఎడిట్ చేసి వదిలేయొద్దు. ఒక్కోసారి వెలుగు పడిన కోణం వల్ల కూడా అలా వస్తుంది, కానీ అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. ఆలస్యం చేయకుండా బిడ్డను కంటి డాక్టరుకు చూపించండి, ఆ ఫోటోలు కూడా తీసుకెళ్లండి.

సరే, జింప్ తెరుద్దాం. ఇది ఫోటోలు దిద్దుకునే ప్రోగ్రాం, ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది.

(తెర మీద: జింప్‌లో లేయర్ల పట్టీ)

లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొర లాంటిది. మొదట ఫోటో ఉన్న లేయర్‌కు డూప్లికేట్ తీయండి, పని అంతా పై లేయర్ మీదే. దానిమీద రైట్ క్లిక్ కొట్టి ఆల్ఫా చానెల్ కూడా పెట్టుకోండి, అంటే చెరిపిన చోట కింది పొర కనిపించేలా చేసే ఏర్పాటు, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఇప్పుడు మూడు వందల శాతం జూమ్ చేసి, ఎలిప్స్ సెలెక్ట్‌తో ఒక కంటిపాప చుట్టూ గీసి, షిఫ్ట్ నొక్కిపట్టి రెండోదాని చుట్టూ కూడా గీయండి. పాప వరకే గీయాలి. పాప చుట్టూ ఉండే వలయాన్ని మనం నల్లగుడ్డు అంటాం గానీ అది నిజానికి ముదురు గోధుమ రంగు, దాన్ని కూడా కలిపేస్తే కన్ను మసి పూసినట్టు అవుతుంది. అంచు మెత్తగా కలిసిపోవడానికి సెలెక్షన్‌కు రెండు పిక్సెల్స్ ఫెదర్ ఇవ్వండి.

తర్వాత ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్, అందులో రెడ్ ఐ రిమూవల్. థ్రెషోల్డ్‌ను మెల్లగా జరుపుతూ ఎరుపు పోగానే ఆపండి. సెలెక్షన్ లేకుండా ఇదే ఫిల్టర్ నొక్కితే ఏమవుతుందో చూడండి, జేజి కుంకుమ బొట్టు, ఎర్ర పట్టుచీర అన్నీ నల్లబడిపోయాయి! ఫిల్టర్ ఎరుపును చూస్తుందే తప్ప, అది కన్నా బొట్టా అని దానికి తెలియదు.

ఇప్పుడు పాప బూడిద రంగులో ఉంది. కలర్స్‌లో హ్యూ సాచురేషన్ తెరిచి లైట్‌నెస్ తగ్గించండి, పూర్తి నలుపు దాకా పోకుండా దానికి కాస్త ముందే ఆపండి. నల్లబడేకొద్దీ కంట్లో ఉన్న చిన్న తెల్లటి మెరుపు కూడా ఆరిపోవడం గమనించారా? ఆ స్టూడియోలో పోగొట్టింది దీన్నే. మనిషి చూస్తున్నాడు అనిపించేది ఆ చుక్క వల్లే. ఎరేజర్ సైజు మూడుకు తగ్గించి, సరిగ్గా ఆ చుక్క మీద ఒక్కసారి తాకించండి, కింది లేయర్లోని అసలు మెరుపు పైకి కనిపిస్తుంది. ఆల్ఫా చానెల్ పెట్టుకోమన్నది ఇందుకే, అది లేకపోతే రబ్బరు చెరపకుండా రంగు పూస్తుంది.

(తెర మీద: తమ్ముడి కన్ను, ముందు, తర్వాత)

ఫోటోషాప్ వాడేవాళ్లకు పని ఇంకా తొందరగా అవుతుంది, స్పాట్ హీలింగ్ బ్రష్‌ను నొక్కిపడితే అడుగున రెడ్ ఐ టూల్ వస్తుంది, డార్కెన్ అమౌంట్‌ను మాత్రం తక్కువ పెట్టుకోండి. కుక్కపిల్లల ఫోటోలకు ఇది పనిచేయదు, వాటి కంటి వెనక వేరే పొర ఉంటుంది కాబట్టి మెరుపు పచ్చగానో పసుపుగానో వస్తుంది. అక్కడ చేత్తో రంగు తగ్గించుకోవాల్సిందే.

జేజి కళ్లను మాత్రం నేను ముట్టుకోలేదు. ఒకసారి చేసి చూశాను, ఆ కాస్త ఎరుపు తీసేస్తే ఆమె ముఖం వేరేవాళ్లదిలా అనిపించింది, వెంటనే అన్‌డూ కొట్టేశాను. అసలు స్కాన్ మీద సేవ్ చేయకుండా వేరే పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి, ఫ్రేముకు ఇచ్చే ముందు చిన్న సైజు ప్రింట్ ఒకటి తీయించి ఎండ వెలుతురులో చూసుకోండి.