అడీనియం బొజ్జ, ఆవకాయ జాడీ

[చేతిలో అడీనియం, కెమెరాకు దగ్గరగా]

చూడండి, ఈ అడీనియం మొదట్లో నీరు దాచుకునే ఉబ్బెత్తు కాండం, అదే బొజ్జ, వేలితో నొక్కితే మగ్గిన అరటిపండులా దిగిపోతోంది. పక్కింటివారిది. ‘ఎడారి మొక్కే కదా, రాళ్ల మధ్యే నాటాం, అయినా పోయింది’ అన్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రాళ్లు పైన ఉన్నాయి సరే, కింద ఉన్నది నల్లరేగడి! అందులో గుంత తవ్వి, అడుగున కంకర పోశారు. బంకమట్టిలో కంకర గుంత అంటే నీళ్ల తొట్టే. వాన నీరంతా అక్కడికే చేరింది.

మీ ఇంట్లో ఆవకాయ జాడీని తలుచుకోండి. లోపల నిండా ఊట ఉన్నా ఏడాదంతా చెడదు. ఒక్క తడి గరిటె ముంచారా, బూజు! అడీనియం బొజ్జ అచ్చంగా ఆ జాడీయే. లోపల ఎంత నీరున్నా హాయిగా ఉంటుంది. గాయపడిన వేరు దగ్గర తడి నిలిచిందంటే మాత్రం కుళ్లు మొదలవుతుంది.

బొజ్జ అన్నది నా మాట కాదు. యెమెన్‌లో మొక్కలు సేకరించిన ఫోర్స్‌కోల్ దీనికి పెట్టిన పేరు 1775లో అచ్చయింది: నీరియం ఒబీసమ్, అంటే లావుపాటి గన్నేరు. ఇది గన్నేరు కుటుంబానిదే. ‘ఎడారి గులాబీ’ నర్సరీవాళ్ల ముద్దుపేరు, గులాబీతో చుట్టరికమే లేదు. యెమెన్‌కు చెందిన సొకోట్రా దీవిలో దీని జాతి మొక్కలు సున్నపురాతి కొండల పగుళ్లలో పెరుగుతాయి. అక్కడ వాన పడితే నీరు నిలవదు, జారిపోతుంది. మనం రాయిని మాత్రమే కాపీ కొట్టి, ఆ జారుడును వదిలేశాం.

కాబట్టి గుంత వద్దు, దిబ్బ కావాలి. జాడీని అటక మీద పెడతాం గానీ, అంట్లు తోమేచోట పెట్టం కదా! నేల మీద అడుగున్నర ఎత్తున దిబ్బ పోయండి. అందులో సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఉండాలి. ప్రతి రాయినీ మూడో వంతు పాతండి, లేకపోతే మొదటి వానకే దొర్లుతుంది. నాటేముందు తెగిన వేళ్లను నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వాలి. అదే గరిటె తుడవడం. మొదలు చుట్టూ కొబ్బరి పొట్టు వేయకండి, సన్న కంకర వేయండి. నాటాక వారం దాకా నీళ్ల మాటే ఎత్తవద్దు.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. ఆరు గంటల ఎండ తప్పనిసరి. ఎండాకాలంలో మట్టి ఆరగానే నిండుగా నీళ్లు పోయండి, ఎడారి మొక్క కదా అని మాడ్చకండి. చలికి ఆకులు రాలితే కంగారుపడి నీళ్లు పోయకండి. జంట కాయలకు దారం కట్టండి, లేకపోతే పగిలి గింజలు గాలికి ఎగిరిపోతాయి. ఈ మొక్క కోస్తే కారే పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. కోశాక చేతులు కడుక్కోండి.

ఇక ఈ రోగి సంగతి. కోతకోతకూ కత్తి తుడుస్తూ, తెల్లటి కండ కనిపించేదాకా కోయాలి. [కోస్తూ] ఇదిగో తెల్లగా... ఊహూ, అంచున గోధుమరంగు చుక్క ఉంది. ఇంకో ముక్క తీయాల్సిందే.